మా అత్త కాపలా కాసిన రాతిగది

మా అత్త ఖావర్ మనుషులకి భయపడదు. పన్ను వసూలుకొచ్చిన గుర్రపువాళ్ళకి కూడా చీపురు చూపించి జవాబు చెప్పిన మనిషి. తోడేలుకీ పాముకీ భయపడదు. మిగిలిన వాటన్నిటికీ భయమే. పొయ్యిలో రొట్టె జారితే భయం, మేక ఈనడం ఆలస్యమైతే భయం, నేను రెండోసారి తుమ్మితే భయం. పెళ్ళై ఆ ఇంటికి వెళ్ళిన కొత్తలో, ఈవిడ భయాలకి కాపలా కాయడానికే నన్ను తెచ్చుకున్నారా అని నా మొగుడు మురాద్‌ని నిలదీశాను కూడా. ఆయన నవ్వి గొర్రెల వెంట పోయాడు. ఆ ఇంట్లో మగాళ్ళ పద్ధతి అదే.

ఆ భయాలన్నిట్లోకీ పెద్దది ఒకటి ఉండేది. సులేమాను ప్రవక్త తల్లి సమాధి గది కప్పు ఎప్పుడో ఒకప్పుడు కూలి, లోపలున్న ఆడవాళ్ళ మీద పడుతుందని.

మా ఊరికి పేరే ఆ సమాధి వల్ల వచ్చింది. ముర్గాబ్ మైదానంలోకి ఎటునుంచి వచ్చినా ముందు కంటపడేది అదే. అరుగు మీద అరుగుగా పేర్చిన తెల్లరాళ్ళు, వాటి మీద ఒక చిన్న రాతిగది, ఆ గదికి అటూ ఇటూ వాలిన రాతి కప్పు. మనం మట్టిళ్ళకి వేసుకునే చదును కప్పు కాదు, రెండువైపులా జారుగా ఉంటుంది. టోపీలు పెట్టుకున్న దొరలు అప్పుడప్పుడూ వచ్చి, ఇది పూర్వం ప్రపంచాన్ని ఏలిన పాదుషా గోరీ అని మాకు చెప్పి పోయేవారు. మావాళ్ళు తలూపి, టీ ఇచ్చి సాగనంపేవారు. ఆ పాదుషా ఎవరో మాకేం తెలుసు? మా ఆడవాళ్ళ మొర వినే తల్లి అందులో ఉంది, అంతవరకే మాకు తెలుసు.

అందులోకి మగవాడి కాలు పడకూడదు. పడితే కళ్ళు పోతాయి. ముత్తాతల నాటినుంచీ ఉన్న కట్టు అది. చంకలో మగబిడ్డ ఉంటే, పాలు తాగే పసిగుడ్డయినా సరే, కింద ఎవరి చేతిలోనో పెట్టి పైకి రావాల్సిందే. కప్పు పైకి మాత్రం మగాళ్ళు ఎక్కొచ్చు. కట్టు గది లోపలికే గానీ నెత్తికి లేదని మా పెద్దలు ఎందుకు తేల్చారో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆ గది తాళంచెవి మా అత్త నడుముకి ఉండేది. వాళ్ళ అత్త పోతూ పోతూ ఇచ్చింది. పొద్దున్నే వెళ్ళి ఊడవడం, దీపం పెట్టడం, లోపల మూల నుంచి మూలకి కట్టిన తాడు మీద మొక్కుల గుడ్డపీలికలు నిండిపోతే పాతవి కత్తిరించి తీయడం ఆవిడ పని. మొక్కు తీరినవాళ్ళు కలకండో నూనో తెచ్చి ఇచ్చేవారు. ఊళ్ళో ఆడవాళ్ళలో ఆవిడ మాటకి ఎదురుండేది కాదు.

అయితే ఊడ్చి దీపం పెట్టి బయటపడేదాకా ఆవిడ ఊపిరి బిగబట్టుకునే ఉండేది. నేను కళ్ళారా చూశాను. కారణం అడిగితే ఒకరోజు గుమ్మం దగ్గర నిలబెట్టి చూపించింది.

"ఇదిగో చూడు సనోబర్. సున్నం ఉందా? లేదు. మట్టి ఉందా? లేదు. రాయి మీద రాయి ఊరికే కూర్చుంది. పూర్వం అతుకు అతుక్కీ ఇనుప ముక్కలు దిగ్గొట్టి, సీసం పోసి బిగించారంట. మన తాతలు బుద్ధిమంతులు కదా, అవన్నీ తవ్వుకుపోయి తూటాలు పోసుకున్నారు. ఆ గుంటలు చూడు. కుట్లు విప్పేసిన బట్ట ఎంతకాలం నిలుస్తుందే?"

"ఇన్నాళ్ళూ నిలిచిందిగా అత్తా."

"ఇన్నాళ్ళూ నిలిచింది కాబట్టే నా భయం. ఇక దానికి ఓపిక ఎక్కడుంటుంది?"

గది లోపలి కప్పు చదునుగా ఉంటుంది. రెండే రెండు పెద్ద బండలు, నడిమధ్యలో వాటి అతుకు. ఆ బండల పైన, బయటికి కనబడే జారుకప్పు దాకా అంతా గట్టి రాయేనని, ఒక గుట్టంత బరువు ఆ రెండు బండల మీదే ఉందని మా అత్త లెక్క. ఆవిడ ఒక్కతేనా, ఊరందరి లెక్కా అదే. రోజూ మునివేళ్ళ మీద నిలబడి ఆ అతుకులోకి కదురు మొన దూర్చి చూసేది. నిన్నటికంటే లోపలికి పోయిందని ఒకరోజు, అబ్బే అంతే ఉందని ఒకరోజు. పోయిందన్న రోజు మా ఇంట్లో ఎవరికీ తిండి సయించనిచ్చేది కాదు.

ఇంత భయం ఉన్న మనిషి, ఆ సంగతి బయట ఎవరికీ చెప్పేది కాదు. గురువారం గురువారం ఆడవాళ్ళు వచ్చేవారు. తలుపు తీసి పక్కకి నిలబడేది. వాళ్ళు లోపల మొక్కుకుని, గోడలకి నుదురు ఆన్చి, ఏడ్చి, తేలికపడి వచ్చేదాకా ఆవిడ బయట గుమ్మం రాయి పట్టుకుని నిలబడేది. ఒక్కరిని మాత్రం ఎన్నడూ లోపలికి పోనివ్వలేదు. సొంత కూతురు నర్గుల్‌ని.

నర్గుల్ మా ఆడపడుచు. ఊళ్ళోనే బరాత్ అనే గొర్రెలకాపరికి ఇచ్చారు. మంచివాడే, నోట్లో నాలుక లేనివాడు. నర్గుల్‌కి ఇద్దరు పుట్టి పోయారు. మూడోసారి కడుపు నిలిచాక అది రోజూ వచ్చి తల్లి ప్రాణం తోడేసేది.

"అమ్మా, ఒక్కసారి పోనీవే. తల్లికి చెప్పుకుని వస్తా."

"ఇంట్లోంచి చెప్పుకో. ఆవిడకి చెవుడా?"

"మరి ఊళ్ళోవాళ్ళంతా లోపలికెళ్ళి ఎందుకు చెప్పుకుంటున్నారు? పక్క లోయలోంచి గాడిదల మీద వస్తున్నారు. నేనేం పాపం చేశాను?"

"కడుపుతో ఉన్నావు. ఆ అరుగులు ఎక్కలేవు."

"పోయినసారి కడుపు లేనప్పుడూ వద్దన్నావు!"

అత్త తల తిప్పుకుని మజ్జిగ చిలికే తోలుతిత్తి ఊపడం మొదలుపెట్టింది.

ఆ వేసవిలోనే గదిలో చుక్క పడడం మొదలైంది. కప్పు నడిమి అతుకులోంచి, మంచి ఎండవేళ, ఒక్కో చుక్క. వాన లేదు, మంచు లేదు. ఎవరో వేలితో అద్ది నాలుక మీద పెట్టుకున్నారు. తియ్యగా ఉంది.

ఇక చూడండి. తల్లి కరుణించింది, రాయి తీపి కన్నీరు కారుస్తోంది అని మైదానమంతా పాకిపోయింది. గురువారాలు చాలక మిగతా రోజులూ వచ్చి కూర్చునేవారు. గొడ్రాళ్ళు నోరు తెరుచుకుని కప్పు కింద పడుకునేవారు. కాసేపు చెవి ఆన్చి వింటే పైన సన్నగా రొద కూడా వినబడుతోందని, తల్లి లోపల జపం చేసుకుంటోందని జీవర్ చెప్పింది. ఈ జీవర్ మా ఎదురింటి మనిషి. తాళంచెవి మీద ఎన్నాళ్ళనుంచో కన్నుంది.

మా అత్త మాత్రం, రాయి చెమర్చిందంటే లోపల పగిలినట్టే అంది. ఆ రొద రాయి రాయితో ఒరుసుకునే చప్పుడు అంది. ఎవరితో అంది? నాతో. ఊరంతా పండగ చేసుకుంటుంటే ఆవిడ తిండి మానేసింది. తలుపు మూసేస్తే తల్లి కరుణని దాచుకుంటోందని మీద పడతారు. తెరిచి ఉంచితే ఎవరి కూతురి నెత్తిన పడుతుందో తెలియదు. లోపలికి వెళ్ళి చూడమనడానికి మేస్త్రీ మగవాడు.

చివరికి ఉస్తాద్ కరమ్‌ని పిలిచింది. ఊళ్ళో ఇళ్ళన్నిటికీ మట్టికప్పులు వేసేది ఆయనే. లోపలికి రాలేడు కాబట్టి పైకి ఎక్కి చూడమంది.

కరమ్ పొద్దుగుంకాక ఎక్కాడు, దిగాడు, గడ్డం గోక్కున్నాడు.

"ఖావరక్కా, పైరాళ్ళ మధ్య సందులు పడ్డాయి. అడవి అంజూరం మొక్క ఒకటి వేళ్ళు దించింది. ఎప్పటి నీళ్ళో లోపల నిలిచి ఇప్పుడు దిగుతున్నాయి."

"నీళ్ళు తియ్యగా ఉంటాయా కరమ్ తమ్ముడూ?"

"అంజూరం పాలు కలిసుంటాయి. సందులు మూసేస్తే సరి. గడ్డీ మట్టీ కలిపి మెత్తుతా, మీ ఇంటికి మెత్తినట్టే. నీ ఇల్లు కారుతోందా? లేదుగా?"

ఆ రాతికట్టడానికి మట్టి పూయడమేమిటని ఎవరికీ అనిపించలేదు. కప్పు కారితే మట్టి పూస్తాం, మాకు తెలిసిన వైద్యం అదొక్కటే. ఎండలో పూస్తే బీటలిస్తుందని, సూర్యుడు కొండమీదకి రాకముందే, ఇంకా చలిగా ఉండగానే ఎక్కి, ఉన్న సందులన్నీ గట్టిగా మెత్తి దిగిపోయాడు. మా అత్త ఆయనకి కోడిగుడ్లు ఇచ్చి పంపింది. ఆ పూట కడుపునిండా తింది కూడా.

మర్నాటికి రొద పెరిగింది. చెవి ఆన్చక్కర్లేకుండా గుమ్మంలోంచే వినబడసాగింది.

"చూశారా, తల్లి జపం గట్టిగా చేస్తోంది" అంది జీవర్.

మా అత్త నా మణికట్టు పట్టుకుంది. ఆవిడ గోళ్ళు నాకు దిగబడ్డాయి.

గురువారం వచ్చింది. ఎండ ఎక్కకముందే అరుగుల కింద గాడిదలు, గంపలు, పిల్లలు, ఒకటే సందడి. మగాళ్ళు, వాళ్ళలో కరమ్ కూడా, దూరంగా నీడన కూర్చుని టీ కాచుకుంటున్నారు. నర్గుల్ నిండునెలల కడుపుతో, బరాత్ చెయ్యి పట్టుకుని వచ్చింది. అరుగుల్లో కిందివి మనిషి నడుముదాకా ఉంటాయి. ఎక్కడానికి అడ్డదిడ్డంగా రాళ్ళు పేర్చి ఉంటాయి. వాటి ముందు మా అత్త చేతులు చాచి నిలబడింది.

"నువ్వొద్దు. ఇంటికి పో."

"పోను."

"నర్గుల్, నా తల్లీ, నా మాట విను."

"నువ్వు నాకు ఒక్కటి చెప్పమ్మా" అంది నర్గుల్. అది అరవలేదు. కానీ చుట్టూ ఉన్నవాళ్ళంతా మాటలాపి విన్నారు. "వీళ్ళందరూ పోవచ్చు. నేను పోకూడదు. లోపల ఏముంది?"

జీవర్ వెంటనే అందుకుంది. "అదేగా మేమూ అనుకునేది. సొంత కూతుర్ని రానివ్వట్లేదంటే ఏదో ఉంది. ఏంటో చెప్పు ఖావర్ వదినా, మేమూ వింటాం."

మా అత్త నోరు తెరిచింది. ఆ మాట పెదవులదాకా వచ్చింది, నాకు కనబడింది. కప్పు మీద నాకు నమ్మకం లేదు అని ఒక్క మాట చెబితే, మరి ఇన్నేళ్ళూ మమ్మల్ని ఎందుకు పంపావని అడుగుతారు. దానికి జవాబేది? చేతులు వాటంతటవే కిందికి దిగాయి. పక్కకి జరిగింది.

నన్ను మాత్రం దగ్గరికి లాక్కుని చెవిలో అంది. "దాని పక్కనుంచి కదలకు. పైనుంచి ఇసుక రేణువు రాలినా సరే, జుట్టు పట్టుకుని ఈడ్చుకొచ్చెయ్."

ఆ గదిలోకి వెళ్ళడం అంటే నడవడం కాదు, దూరడం. గుమ్మం నడుము వంచితేగానీ పట్టదు. గోడ ఎంత మందమంటే, గుమ్మం దాటాక కూడా ఒక మనిషి పొడవు ఇరుకుసందులో వంగే నడవాలి. ఇద్దరు పక్కపక్కన పట్టరు. లోపల నిలబడొచ్చు. కిటికీ లేదు. దీపాల మసికి గోడలు నల్లబడి ఉన్నాయి. ఆవేళ భుజం భుజం ఒరుసుకునేలా జనం. నర్గుల్ అందర్నీ తోసుకుంటూ చివరికంటా పోయింది. గోడ మీద మక్కా దిక్కుకి చెక్కిన గుర్తు దగ్గర నేల మీద చతికిలబడింది. ముఖం చూస్తే చెమటలు కారుతున్నాయి.

"ఏంటే, ఒంట్లో బాలేదా?"

"బాగానే ఉంది వదినా. నువ్వు ఊరుకో."

రొద మా నెత్తిమీదే ఉంది. అంతమంది ఆడవాళ్ళున్నా ఒక్కరూ మాట్లాడడం లేదు, వింటున్నారు. అప్పుడు జీవర్, తల్లికి దిష్టి తగిలిందేమోనని, వెంట తెచ్చిన నిప్పుల మూకుట్లో దిష్టిగింజలు గుప్పెడు పోసింది. చిటపటలాడి పొగ లేచింది. గదికి ఉన్నది ఆ ఒక్క గుమ్మమే. పొగ ఎటు పోతుంది? తిన్నగా పైకి లేచి, ఆ నడిమి అతుకులోకి ఎక్కింది.

రొద ఆగిపోయింది. ఒక్క క్షణం. తర్వాత ఒక తేనెటీగ నా చేతి మీద వాలింది.

ఇంకొకటి. ఇంకో పది. ఆ తర్వాత అతుకు పొడుగునా నల్లగా కారినట్టు దిగడం మొదలుపెట్టాయి.

తల్లి జపమూ లేదు, రాతి కన్నీరూ లేదు. జారుకప్పు రాళ్ళ మధ్య తేనెపట్టు ఉంది. ఎండకి మైనం మెత్తబడి తేనె కారింది. కరమ్ తెల్లవారుతూనే మట్టి మెత్తి వాటన్నిటినీ లోపలే బంధించాడు. ఇప్పుడు పొగ పెట్టి బయటికి తరిమాం, వాటికి మిగిలిన దారి మా నెత్తిమీదుగానే. ఇదంతా తర్వాత ఆలోచిస్తే తెలిసింది. ఆ క్షణంలో అరుపులు తప్ప ఏమీ లేవు. అందరూ ఒక్కసారిగా ఆ ఇరుకు సందు వైపు పడ్డారు.

బయట మా అత్తకి ఆ అరుపులు విని పైప్రాణం పైనే పోయింది. కప్పు కూలిందనే అనుకుంది. లోపలికి పోదామంటే సందులో మనుషులు. ఎదురు దూరితే అందరూ ఇరుక్కుని చస్తారు. గుమ్మం పక్కన నిలబడి, వంగి బయటికి వస్తున్న ఒక్కొక్కరి చెయ్యీ పట్టుకుని, అరుగుల మీంచి పడిపోకుండా పక్కకి లాగి వదలడమే చేసింది. వచ్చిన ప్రతి ముఖమూ చూసింది. నర్గుల్ కాదు. ఇంకొకరు. నర్గుల్ కాదు. జీవర్ వచ్చింది, ముఖం వాచిపోయి. దాన్నీ చెయ్యి పట్టుకునే దింపింది. పొరుగూరి పిల్ల వచ్చింది, ఎవరి తల్లో ముసలావిడ వచ్చింది. ఆ కొద్దిసేపట్లో నా ఆయుష్షు సగం అయిపోయిందే సనోబర్ అని తర్వాత ఎన్నోసార్లు అంది. ఆ ముసలావిడ తర్వాత ఎవరూ రాలేదు.

మేము రాలేదు. ఎందుకంటే నర్గుల్ లేవలేదు. నేను చాదర్ కప్పి పైకి లాగబోతే నా చెయ్యి పట్టుకుని, "వదినా, నాకు పొద్దుటినుంచీ నొప్పులు" అంది.

"పొద్దుటినుంచా! ఎందుకు చెప్పలేదే దుష్టురాలా?"

"చెబితే పోనిచ్చేవాళ్ళా?"

దాన్ని తిట్టడానికి నోరు తెరిచాను, నా పెదవి మీద ఈగ కుట్టింది. ఇద్దరం ఒకే చాదర్ కింద ముడుచుకున్నాం. ఎవరో సందులో పాకుతూ వస్తున్న చప్పుడైంది. మా అత్త. దీపం పెట్టి పరుగెత్తుకొచ్చే ఆవిడ, సరిగ్గా ఆ అతుకు కింద మోకాళ్ళ మీద కూర్చుని, తన చాదర్ కూడా తీసి కూతురి మీద కప్పింది. ఒట్టి తలతో ఉంది. ఈగలు ఆవిడ మెడమీద, చెవులమీద. అవతలికి తోలను కూడా తోలలేదు. కప్పు వైపు మొహమెత్తి ఒక్కటే కేక.

"కరమ్! ఓరి కరమ్! నువ్వు మెత్తిన మట్టి పీకరా!"

అన్నాళ్ళూ కరమ్ తమ్ముడూ అని పిలిచిన మనిషిని ఆవిడ ఓరి అనడం అదే మొదలు. పైన దబదబమని అడుగులు, గునపం చప్పుడు. మట్టిపెళ్ళలు కింద రాళ్ళ మీద పడుతున్నాయి. కాసేపటికి అతుకులోంచి దిగేవి తగ్గాయి. పైన దారి దొరికాక లోపలివి అటే తిరిగాయి. గాల్లో మిగిలినవి వెలుతురు చూసుకుని గుమ్మం పట్టాయి. అప్పుడు కరమ్ గొంతు వినబడింది, బావిలోంచి మాట్లాడినట్టు.

"ఖావరక్కా! ఇదంతా డొల్ల! నా చెయ్యి భుజందాకా పోయింది, అయినా అడుగు తగల్లేదు! ఈ పెద్దరాళ్ళు మీ బండల మీద ఆనలేదు, చుట్టూ గోడల మీద ఆనాయి! మీ నెత్తిమీద బరువే లేదు! కావాలనే ఖాళీ వదిలారు, ఎవరు కట్టారోగానీ..."

"ముందు ఈగల సంగతి చూడు, మేస్త్రీ కబుర్లు తర్వాత!" అని అరిచింది మా అత్త. కానీ అతుకు వైపు ఒకసారి చూసింది. ఆ చూపు నాకు గుర్తుంది. మోసపోయిన మనిషి చూసినట్టు చూసింది.

ఆలోచించుకునే తీరిక ఇవ్వలేదు నర్గుల్. బిడ్డ తొందరపడింది. మక్కా గుర్తు కింద, ఆ నల్ల గోడకి ఆనుకుని, నా చెయ్యి విరిచేసినంత పని చేసి కన్నది. మొక్కుల పీలికలు కత్తిరించే కత్తెర మా అత్త నడుముకే ఉంది, దాంతోనే బొడ్డు కోశాం. బిడ్డ ఏడిచాడు.

అవును, ఏడిచాడు. మగపిల్లాడు.

మా అత్తా నేనూ ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. చంకలో పాపడినైనా బయట పెట్టించే మనిషి, ఆ గదిలోనే పుట్టిన మగబిడ్డని చేతుల్లో పట్టుకుని కూర్చుంది. వాడు కళ్ళు తెరిచి మూసి దీపం వైపు చూస్తున్నాడు. అత్త వాడి కళ్ళలోకి వంగి వంగి చూసింది. ఏం జరుగుతుందోనని నేనూ చూశాను, అబద్ధమెందుకు.

అంతలో నర్గుల్ చెయ్యి నా చేతిలోంచి జారింది. చూస్తే దాని కింద రాయి తడిగా ఉంది, తడి పెరుగుతోంది. రక్తం ఆగడం లేదు. మంత్రసాని ఇల్లు కింద ఊళ్ళో ఉంది. నా కళ్ళు వాచి సగం మూసుకుపోయాయి. అత్తా నేనూ పట్టుకుని ఎత్తబోయాం, మోకాలిదాకా కూడా లేవలేదు. ఆ ఇరుకుసందులోంచి, ఆ నడుమెత్తు అరుగుల మీంచి దాన్ని దింపడం మా తరం కాదు. ఆడవాళ్ళు ఈగల కాట్లు పడలేక ఏటి వైపు పరుగెత్తారు. బయట మిగిలింది మగాళ్ళు, ఒకరిద్దరు ఆడవాళ్ళు.

అత్త బిడ్డని చాదర్‌లో చుట్టుకుని గుమ్మంలోకి వెళ్ళింది. నేను వెనకాలే సందులోకి పాకి విన్నాను.

ఏడుపు అందరూ విన్నారు. అరుగుల కింద మురాద్, బరాత్, కరమ్, మరికొంతమంది తలలెత్తి నిలబడి ఉన్నారు. జీవర్ వాచిన ముఖంతోనే ముందుకొచ్చింది.

"ఆడపిల్లేగా ఖావర్ వదినా?"

దుర్మార్గంగా అడగలేదు. ఆడపిల్ల అనమనే అడిగింది. ఊరు ఊరంతా ఆ మాటే కోరుకుంటోంది. ఆడపిల్ల అంటే కట్టు తప్పలేదు, తాళంచెవి ఎక్కడికీ పోదు, చూపు పోయిందా అని బిడ్డ పెద్దయ్యేదాకా ఎవరూ కళ్ళలోకి తేరిపార చూడరు. కానీ ఆడపిల్ల అంటే ఏ మగాడూ ఆ గుమ్మం దాటడు. నా వెనక నర్గుల్ చిన్నగా మూలుగుతోంది.

మా అత్త వీపు నాకు కనబడుతోంది.

"మగపిల్లాడు" అంది.

ఎవరో చెంపలు వేసుకున్న చప్పుడు.

"లోపలే పుట్టాడు. మీ అందరికంటే ముందు వీడు లోపల కళ్ళు తెరిచాడు. పోయాయేమో వచ్చి చూసుకోండి. బరాత్! నీ పెళ్ళాం లోపల రక్తం పోయి పడి ఉంది. వచ్చి ఎత్తుకో."

బరాత్ అరుగులు ఎక్కాడు. చివరి అరుగు మీద ఆగిపోయాడు.

"అత్తా... నా కళ్ళు..."

"నీ కళ్ళు నాకెందుకురా? నీ చేతులు కావాలి నాకు!"

బరాత్ ఆ పసివాడి ముఖం చూశాడు. తర్వాత రెండు కళ్ళూ గట్టిగా మూసుకుని వంగాడు. గుమ్మానికి నుదురు ఠక్కుమని కొట్టుకున్నాడు. నేను చొక్కా పట్టుకుని లోపలికి లాక్కెళ్ళాను. "కిందికి... ఇటు... ఇదిగో దాని చెయ్యి" అంటూ చెబుతుంటే, గుడ్డివాడిలా తడుముకుని పెళ్ళాన్ని వీపుకెత్తుకున్నాడు. కాళ్ళు నేను పట్టుకున్నాను. వంగి, పాకి, గోడలకి గీరుకుంటూ వెలుతురులోకి వచ్చాం. బయట అరుగు అంచున నిలబడి, ఇంకా కళ్ళు మూసుకునే ఉన్నాడు.

"అత్తా, ఇప్పుడు తెరవొచ్చా?"

వీపు మీంచి నర్గుల్ సన్నగా అంది. "తెరువయ్యా బాబూ. ఇంతా చేసి మెట్ల మీంచి పడేస్తావా ఏంటి?"

తెరిచాడు. కళ్ళార్పాడు. ఎదురుగా కొడుకు కనబడ్డాడు. "కనబడుతోంది అత్తా" అన్నాడు, నమ్మలేనట్టు. మురాద్, కరమ్ పరుగున వచ్చి చెరోపక్కా పట్టుకున్నారు. అరుగు మీంచి అరుగు మీదకి దింపుకుంటూ మంత్రసాని ఇంటికి తీసుకుపోయారు. నర్గుల్ బతికింది. నెలల తరబడి మంచం మీదే ఉంది, కానీ బతికింది.

ఆ రోజు వాళ్ళు నర్గుల్‌ని తీసుకుని అటు పోగానే జీవర్ చెయ్యి చాచింది. కాస్త బెదురుగానే చాచింది.

"కట్టు తప్పింది ఖావర్ వదినా. తాళంచెవి..."

మా అత్త నడుం నుంచి తాళంచెవి విప్పింది. మనవడు ఇంకా ఒక చేతిలో ఉన్నాడు. ఆవిడ ముఖమంతా వాచి, ఒక కన్ను పూర్తిగా మూసుకుపోయింది.

"మగాణ్ణి పంపినందుకు ఇవ్వట్లేదు జీవర్. అవసరమైతే రేపూ పంపుతాను. నాకు ఆ కప్పంటే భయం. ఇన్నేళ్ళూ ప్రతి గురువారం అది కూలుతుందనే అనుకున్నాను. అనుకుంటూనే మీ కూతుళ్ళని దాని కిందికి పంపాను, నా కూతుర్ని ఇంట్లో ఉంచుకున్నాను. అందుకు ఇస్తున్నా."

జీవర్ కూతురు అక్కడే, తల్లి కొంగు పట్టుకుని నిలబడి ఉంది. ముఖం నిండా ఈగలు కుట్టిన దద్దుర్లతో. జీవర్ ఆ పిల్లని చూసింది, మా అత్తని చూసింది. చాచిన చెయ్యి చాచినట్టే ఉంది గానీ, తాళంచెవి అందులో పెడితే వేళ్ళు మూయడం మర్చిపోయింది. మా అత్త బిడ్డని నా చేతికిచ్చి, ఒట్టి తలతోనే కూతురు పోయిన వైపు అరుగులు దిగింది.